ఇవాళ్టి కబురు

"అయితే మా పిచ్చుక నిన్న బడిలో భోజనమంతా తినేసిందన్నమాట!"

బడి విడిచిపెట్టే వేళ. సన్నగా జల్లు పడుతోంది. గేటు దగ్గర గొడుగుల కింద తల్లులూ తండ్రులూ, వాళ్ల కాళ్ల మధ్య పిల్లలూ సంచులూ. ఆ గొడవలో ఒకటో తరగతి టీచరమ్మ ముఖం ముందుకి ఒక ఫోను వచ్చి నిలబడింది. ఫోను వెనక ఒక చెయ్యి, చెయ్యి వెనక తడిసిన చొక్కా, ఆ పైన కోప్పడాలా వద్దా అని ఇంకా తేల్చుకోని ముఖం.

"తిందండీ. చక్కగా తింది," అంది టీచరమ్మ. ఆ జవాబు ఆమె నోటికి బాగా అలవాటు.

"పాట కూడా పాడిందా?"

"పాడింది. అందరితో కలిసి ఉత్సాహంగా..."

"టీచరుగారూ, నిన్న అది జ్వరంతో నా ఒళ్లో పడుకుందండీ. అసలు బడికే రాలేదు."

ఆమె ఫోనులోకి చూసింది. అవి తన మాటలే. 'ఈ రోజు మీ పాప ఆనందంగా గడిపింది. భోజనం పూర్తిగా తిన్నది. పాటల్లో ఉత్సాహంగా పాల్గొన్నది.' సిగ్గుపడటానికి కూడా కాస్త ఓపిక కావాలి. అది ఆమెకి వెంటనే రాలేదు. ముందు నిద్ర ముంచుకొచ్చినట్టయింది.

"పొరపాటైందండీ," అంది.

"మొన్నటిదీ ఇదే, అటు మొన్నటిదీ ఇదే. ఆదివారం ఒక్కరోజే రాలేదు. ఆ రోజు కూడా పంపించేస్తే ఓ పనైపోయేది కదా!"

"ముప్పైమంది పైన ఉన్నారండీ తరగతిలో. రోజూ సాయంత్రం ఒక్కొక్కళ్ల ఇంటికీ కబురు రాయాలి. మీరొక్క వారం రాసి చూడండి, తెలుస్తుంది."

"రాయలేకపోతే మానెయ్యండి. కానీ మీరు రాసిందల్లా దీని అమ్మ, అదే మా అక్క, నమ్ముతుందండీ." అతని గొంతు కాస్త దిగింది. "బావ పోయాక అక్క వేరే ఊళ్లో నర్సు పనికి వెళ్లింది. సెలవు దొరికినప్పుడే వస్తుంది. డ్యూటీ మధ్యలో మీ కబురు చదువుకుని నాకు ఫోన్ చేస్తుంది. నిన్న ఇక్కడ దీని ఒళ్లు కాలిపోతుంటే, అక్కడ అక్క 'ఏం పాట పాడిందిరా' అని అడుగుతోంది. నన్నేం చెప్పమంటారు?"

"ఏం చెప్పారు?"

అతను తల గోక్కున్నాడు. "చెప్పానండీ, ఏదో పాట. జ్వరమంటే డ్యూటీ వదిలేసి వచ్చేస్తుందని..."

"అంటే మీరూ అబద్ధమే చెప్పారు."

అతను నవ్వాడు. కోపం సంగతి అప్పటికి తేలిపోయింది. "నాది ఒక్కరోజుదండీ. మీది హోల్‌సేలు."

అతని వేలు పట్టుకుని వెనక నక్కి ఉంది చిన్నపిల్ల.

"పిచ్చుక అంటారా దీన్ని?" అంది టీచరమ్మ.

"ఇంట్లో నోరు మూయదు కదండీ మరి. తరగతిలో మీ చెవులు తినేస్తూ ఉంటుంది, పాపం."

టీచరమ్మ ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుందామని చూసింది. గుర్తు రాలేదు. అసలెప్పుడూ వినలేదు.

"పెద్ద మేడమ్‌తో చెప్తారా?"

"చెప్తే మాకేమొస్తుంది? రోజుకి ఒక్క నిజం రాయండి, చాలు. చిన్నదైనా పర్లేదు," అని పిల్లని భుజాన వేసుకుని వానలోకి వెళ్లిపోయాడు. గొడుగు తెచ్చుకోలేదు. ఆ వీధి చివర కళ్లద్దాల షాపు అతనిదేనని ఆయా చెప్పింది.

ఇంటికి వెళ్లేసరికి నాన్న ఎప్పటిలాగే గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు. ఇప్పుడు నడపడానికి ఏమీ లేదు కనుక వచ్చేపోయే వాళ్లని చూస్తుంటాడు.

"బడి ఎలా ఉందమ్మా?"

"బాగుంది నాన్నా," అని చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఊరందరి అమ్మానాన్నలకీ పంపినట్టే సొంత నాన్నకీ రోజూ అదే పాత కబురు అంటగడుతోంది.

"బాలేదు నాన్నా," అంది. "ఇవాళ ఒకాయన చేత చీవాట్లు తిన్నాను. తప్పు నాదే."

నాన్న కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. వంటింట్లోంచి అమ్మ కూడా గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. కూతురు ఇంత మాట చెప్పి ఎన్నాళ్లయిందో!

మర్నాడు ఆమె పిచ్చుకని గమనించింది. పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. పాట మొదలుపెడితే పెదాలు కదిలించింది, గొంతు రాలేదు. ఆట వేళ గోడకి ఆనుకుని నిలబడింది. సాయంత్రం టీచరమ్మ చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చుని రాసింది: 'పిచ్చుక ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. బడిలో చేరినప్పటి నుంచీ ఇంతే. నేను పట్టించుకోలేదు, క్షమించండి. పక్కపిల్ల చెప్పు ఊడిపోతే మాత్రం కింద కూర్చుని బకిల్ పెట్టింది.'

అది అతనికీ, వాళ్లక్కకీ ఇద్దరికీ వెళ్లింది. జవాబు అతని దగ్గర్నుంచి వచ్చింది. 'అక్క ఏడ్చిందండీ. తర్వాత ఆ చెప్పు సంగతి నాకే మళ్లీ మళ్లీ చదివి వినిపించింది. థాంక్స్.' కాసేపాగి ఇంకొకటి. 'టీచరుగారు ఇవాళ తిన్నారా?'

'పిల్లల సంగతులే రాస్తామండీ. టీచర్లవి రాసే పద్ధతి లేదు.'

'ఆ పద్ధతి పెట్టించండి మరి!'

ఆమె నవ్వింది. నవ్వితే దవడ నొప్పి పుట్టింది. అలవాటు తప్పింది కదా.

ఆ రోజు నుంచి అందరికీ నిజాలే రాయడం మొదలుపెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. 'మీవాడు ఇవాళ ఇద్దర్ని కొరికాడు' అని రాస్తే, 'మావాడు కొరకడు, వాళ్లే వాడి పళ్లకి తగిలి ఉంటారు' అని జవాబు వచ్చింది. 'మీ అమ్మాయి భోజనం పారబోసింది' అంటే, 'చూస్తూ కూర్చున్నారా?' అన్నారు. రాయడానికి ముందుకన్నా రెట్టింపు సమయం. సంజాయిషీ చెప్పుకోవడానికి అంతకు రెట్టింపు. కళ్లు మండేవి, తల పగిలేది.

"ఫోను అంత దూరం పెట్టుకుని చూస్తున్నారేమిటండీ?" అన్నాడతను ఒకరోజు గేటు దగ్గర. "ఒకసారి షాపుకి రండి. పరీక్షకి డబ్బు తీసుకోను, భయపడకండి."

వెళ్లింది. చిన్న షాపు. గోడల నిండా ఫ్రేములు, ఎటు తిరిగినా తనని చూసే ఖాళీ కళ్లు. అతను ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి ఎదుటి బోర్డు చూపించాడు.

"చివరి వరస చదవండి."

"కనపడటం లేదు."

"పై వరస?"

"కనపడుతోంది. చదవాలనే లేదు."

"అలసట అద్దాలతో పోదండీ. దానికి పవరు ఉండదు." అతను అద్దాలు మార్చి మార్చి పెడుతూ ఒక ఫ్రేము ఆమె చెవుల మీద సర్దాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి. వీధి లోపలికి వచ్చినట్టయింది ఆమెకి. కిటికీ మీద వానచుక్కలు విడివిడిగా కనిపించాయి.

"ఇప్పుడు నన్ను చూడండి. బాగా కనపడుతున్నానా?"

"కనపడుతున్నారు. గడ్డం ఎడమవైపు సరిగ్గా గీసుకోలేదు."

అతను చెంప తడుముకున్నాడు. "ఈ అద్దాలు మీకు అమ్మి తప్పు చేస్తున్నానేమో!"

ఆ సాయంత్రం నాన్న "బడి ఎలా ఉందమ్మా?" అంటే ఆమె ఆ గడ్డం సంగతే చెప్పింది. నాన్న అమ్మ వైపు చూశాడు, అంతే.

ఆ మరుసటి వారం పెద్ద మేడమ్ పిలిపించింది. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. "అమ్మాయీ, కబురు చదివి తల్లిదండ్రులు సంతోషంగా నిద్రపోవాలి. నువ్వు అందరికీ నిద్ర లేకుండా చేస్తున్నావు. ఇవన్నీ ఫిర్యాదులే. రేపటి నుంచి పాత పద్ధతి. లేదంటే నిన్ను ఉంచాలో వద్దో నేను ఆలోచించుకోవాల్సి వస్తుంది."

అన్నిటికన్నా పైన ఉన్న కాగితం టీచరమ్మకి తలకిందులుగా కనపడింది. కొత్త అద్దాలు కదా, స్పష్టంగా కనపడింది. 'భోజనం పూర్తిగా తిన్నది. పాటల్లో ఉత్సాహంగా పాల్గొన్నది.' జ్వరం రోజు కబురు. కింద ఆ తారీఖు.

ఆ రోజు కబురు అబద్ధమని అతనికి తప్ప ఇంకెవరికి తెలుసు?

ఆ సాయంత్రం గేటు దగ్గర అతను నవ్వుతూ వచ్చాడు. "ఏమండీ, ఇవాళ కబురేంటి?"

"పిల్లలు ఆనందంగా గడిపారు."

"అదేంటండీ, మళ్లీ..."

"మీరు పంపాల్సింది మేడమ్‌కి పంపారుగా. అందింది. ఇంకేం కావాలి?"

"నేనా? ఏం పంపాను?"

ఆమె వినలేదు. గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది. ఆ వారమంతా పాత కబురే వెళ్లింది. రాయడం తేలికైంది, తల పగలడం లేదు. అయినా ఒంట్లో బరువు దిగలేదు. నాన్న అడిగితే "బాగుంది నాన్నా" అంది. ఆయన కుర్చీ మళ్లీ వీధి వైపు తిప్పుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పిల్లలు తింటుంటే ఆమె అద్దాలు తీసి, బల్ల మీద తల ఆనించింది. ఒక్క నిమిషం, అనుకుంది. మోచేతి మీద చిన్న చెయ్యి పడింది.

"మిస్, అలిసిపోయారా?"

కాస్త బొంగురు గొంతు. టీచరమ్మ తలెత్తింది. తరగతిలో ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. కొరికే పిల్లవాడు కూడా నోరు తెరిచి చూస్తున్నాడు.

"అవునమ్మా," అంది ఆమె నెమ్మదిగా, పిచ్చుక ఎగిరిపోతుందేమో అన్నట్టు. "చాలా అలిసిపోయాను."

"మా మామ కూడా. అన్నం పెడితే కలిపి అలాగే కూర్చుంటాడు. అమ్మమ్మ తిడుతుంది."

ఉద్యోగం పోతే పోయిందనుకుని ఆ సాయంత్రం రాసింది: 'పిచ్చుక ఇవాళ మాట్లాడింది. అలిసిపోయారా అని నన్ను అడిగింది. అవునన్నాను.' మామ అన్నం సంగతి మాత్రం రాయలేదు.

మర్నాడు పొద్దున్నే మేడమ్ గదికి పిలుపు వచ్చింది. అక్కడ ప్రయాణంలో నలిగిన చీరతో ఒకావిడ కూర్చుని ఉంది. పిచ్చుక ఆమె మెడకి వేలాడుతూ ఊపిరాడకుండా ఏదో చెబుతోంది. ఎవరో అడగక్కర్లేకపోయింది.

"ఆ కాగితం నేనే పంపానమ్మా," అందావిడ. "మా తమ్ముడు జ్వరం సంగతి ఆలస్యంగా ఒప్పుకున్నాడు. అప్పుడా పాత కబురూ, చెప్పు బకిల్ కబురూ పక్కపక్కన పెట్టి మేడమ్‌గారికి రాశాను. మొదటిది చదివి నిద్రపోయాను, రెండోది చదివి నా బిడ్డని చూశాను, ఈ అమ్మాయిని ఇలాగే రాయనివ్వండి అని."

పెద్ద మేడమ్ కళ్లజోడు సవరించుకుంది. "ఫిర్యాదుల మధ్య వచ్చింది. పై పేజీ చూసి ఇదీ అదే అనుకున్నాను. రెండో పేజీ ఇవాళే చదివాను." టీచరమ్మ ముఖం వైపు చూసి విసుక్కుంది. "రోజూ అందరికీ రాస్తే నువ్వు మిగలవు. రోజుకి అయిదారుగురికి రాయి. నిజమే రాయి. కొరికేవాడి అమ్మతో నేను మాట్లాడుకుంటాను."

బయటికి వస్తూ అక్క ఆమె పక్కన నడిచింది. "మా తమ్ముడి మీద కోపమట కదా?"

"లేదండీ..."

"ఉంటే ఉండనివ్వండి. వాడు తిండి మానేశాక ఇంట్లో సరుకులు మిగులుతున్నాయి."

ఆ సాయంత్రం ఆమె ఫోనుకి ఒక కబురు వచ్చింది.

'ఈ రోజు మీ కళ్లద్దాలాయన భోజనం సగం వదిలేశాడు. మధ్యాహ్నం ఒక ముసలాయనకి ఆడవాళ్ల ఫ్రేము బిగించి చీవాట్లు తిన్నాడు. ఎవరితోనూ ఆడలేదు. ధ్యాసంతా వీధి చివర బడి మీదే ఉంది. టీచరుగారంటే ఇష్టమని చాలా రోజులుగా చెప్పలేకపోతున్నాడు. దయచేసి శ్రద్ధ తీసుకోగలరు.'

ఆమె అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. మంచం మీద వాలి, ఫోను గుండె మీద పెట్టుకుంది. ఇంత అలసటలో ఇంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత టైపు చేసింది.

'ఇలాంటివి టీచర్లకి కాదండీ. తల్లిదండ్రులకి తెలియజేయాలి. మా వాళ్లు ఆదివారం ఇంట్లోనే ఉంటారు.'

ఆదివారం వాన పడింది. ఈసారి అతను గొడుగు తెచ్చుకున్నాడు గానీ తెరవడం మరిచిపోయాడు. వెంట అక్క, అక్క చేయి పట్టుకుని పిచ్చుక. గుమ్మంలో నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నమస్కారమండీ. నేను... బడి వీధి చివర... మీకో సంగతి తెలియజేద్దామని..." అతను గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మామ రాత్రంతా ఇదే చదువుకున్నాడు," అంది పిచ్చుక. "అయినా రావట్లేదు."

తలుపు వెనక టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వంటింట్లోంచి అమ్మ నవ్వు మాత్రం బయటికే వినపడింది.

నాన్న తన కుర్చీ అతనికి జరిపాడు. కొత్తగా బస్సెక్కిన వాణ్ణి చూసినట్టు కిందినుంచి పైదాకా చూసి, ముఖం దగ్గర ఆగాడు.

"కూర్చో బాబూ. నీ కబురు మాకు అందుతూనే ఉందిలే," అన్నాడు. "గడ్డం మాత్రం ఇవాళ రెండు వైపులా శుభ్రంగా గీసుకొచ్చావు."