తొమ్మిది లోడ్ల చెరుకు

2003 ఫిబ్రవరి 6, గురువారం.

వర్ని ఊళ్లో లోడ్లు తూచే కాటా మీద తూకమైన తొమ్మిది ట్రాక్టర్ల చెరుకు మాయమైంది. రైతుల చేతుల్లో స్లిప్పులున్నాయి. బోధన్ దగ్గరి ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో వాటిలో ఒక్క లోడూ లేదు.

కంప్యూటర్ తప్పు చెప్పదన్నాడు ఫ్యాక్టరీ ఇంజనీర్ ఆత్మారాం. ఎస్సై సిద్దిరాములు నమ్మాడు. దొంగ స్లిప్పులిచ్చాడని కాటా క్లర్కు సత్తార్‌ను డ్రైవర్లందరి ముందూ చెంపమీద కొట్టి, స్టేషన్‌లో పెట్టాడు.

శనివారం ఉదయం పదింటికి సిద్దిరాములు ఆ తొమ్మిది స్లిప్పులు వరసగా పేర్చాడు. మొదటిది గురువారం ఉదయం 11:10. చివరిది 11:24. వాటికి ముందూ వెనకా లోడ్లన్నీ కంప్యూటర్‌లో సరిగ్గానే ఉన్నాయి.

దొంగ పావుగంటే దొంగతనం చేస్తాడా?

మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఆఫీసులో సత్తార్‌ను, ఆత్మారాంను, రైతులను కూర్చోబెట్టాడు.

"గురువారం పదకొండు, పదకొండున్నర నడుమ ఏం చేసిండ్రు ఆత్మారాం?"

"సాఫ్ట్‌వేర్ల చిన్న మార్పు సార్. కాటా కాడ తూకం తీసే ప్రోగ్రాం వేరు. ఫోన్ లైన్ మీద పంపేది వేరు. ఇక్కడ ఎక్కించుకునేది వేరు. 11:25కు పంపేదాన్ని తీసి కొత్తది పెట్టిన."

"కాటా ఆపిండ్రా?"

"ట్రాక్టర్లు లైన్ల ఉండె. నడుస్తుండంగనే మార్చిన."

సిద్దిరాములు ఒక స్లిప్పు ముందుకు జరిపాడు. "కింద OK అని ఉంది. ఎప్పుడు పడ్తది?"

"పంపే ప్రోగ్రాం... తూకం అందుకున్నంకనే."

"అందుకున్నది. మరి పంపిందా?"

ఆత్మారాం ముఖం పాలిపోయింది. "లైన్ బిజీగుంటే తన దగ్గర్నే పెట్టుకుంటది సార్. ఆ పావుగంట లైన్ బిజీనే ఉండె. అది ఖాళీ అయ్యేదాక ఆగాలె. నేను ఆగలే."

"పాత ప్రోగ్రాంతోటి తొమ్మిది తూకాలూ పోయినయి. దొంగ స్లిప్పు మీద ఆ OK పడదు. చెరుకు ఎన్నడో మిల్లుల పడ్డది." సిద్దిరాములు గొంతు తగ్గింది. "రెండు దినాలు నా చేతులనే ఉన్నయి స్లిప్పులు. సూడలే. సత్తార్ తప్పేం లేదు. కొట్టింది నా తప్పు."



సత్తార్ మెల్లగా లేచాడు. "వీళ్లు ఇన్నరు సార్. నా భార్య రుఖయ్యా ఇనలే. మొన్నటి సంది గల్లీల ఆమెను దొంగ పెండ్లాం అంటున్నరు."

నాలుగింటికి ఎస్సై సత్తార్‌ను వెంటబెట్టుకుని జీపు దిగి అతని ఇంటి ముందు, రుఖయ్యా ఎదుట నిలబడ్డాడు. గల్లీ అంతా బయటికొచ్చింది.

"మీ ఆయన దొంగ కాదమ్మా. నేనే తెల్వక కొట్టిన. మాఫ్ చెయ్యి."

రుఖయ్యా భర్త చెంప తడిమి చూసుకుంది. అతన్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది.

సిద్దిరాములు వెనక్కి తిరిగాడు. జనం కళ్లలోకి చూడలేక, వాళ్ల ముందు జీపెక్కి పోయే ముఖం లేక, దాన్ని అక్కడే వదిలి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.