పైన ఇల్లు లేదు

ఆ ఊళ్లో ఏడే ఇళ్లు. కొండ ఊట కాలువ ఒక వంటగదిలోంచి ఇంకో వంటగదిలోకి పారుతూ పోయి బివా సరస్సులో కలుస్తుంది. గిన్నె కడిగేముందు పైనింటివాళ్లు కాలువలోకి వంగి "పోస్తున్నామమ్మా" అని కేకేస్తారు. కిందింటివాళ్లు తాగేనీళ్లు పట్టుకుని "పొయ్యండి" అంటారు. ఆ మాట వినేదాకా మురికి చుక్క పడదు. కాగితం మీద లేని కట్టుబాటు అది. అందుకే ఇన్నాళ్లు నిలిచింది.

కినుయోది ఏడో ఇల్లు. ఆ నీళ్లతోనే సోయా గింజలు నానబెట్టి, టోఫు చేసి అమ్ముకుని బతుకుతోంది. మొదటి ఇల్లు ఆమె తమ్ముడు యసుజిది. అతని ఇంటి పైన ఊట, ఆపైన కొండ. అంతే.

కొండ మీద విడిది ఇళ్లు కడతామని ఓ కంపెనీ వచ్చినప్పుడు ఊరు రెండే అడిగింది. కాలువ గట్టున రెల్లు కొట్టొద్దు. చెట్టు మీద గొడ్డలి పడకముందే బురద నిలిచే గుంట తవ్వాలి. కాపలా యసుజికి అప్పగించారు. "మావాడు ప్రాణం పెట్టి చూస్తాడు" అని పూచీ పడింది కినుయోనే.

మూడు రోజులు ఎడతెగని వాన. నాలుగో మధ్యాహ్నం ఆమె తొట్టిలో నీళ్లు టీ రంగుకు తిరిగాయి. నానిన గింజల మీద సన్నటి మట్టి పేరుకుంది. గదంతా తెగిన చెట్ల వేళ్ల పచ్చివాసన...

గొడుగేసుకుని కాలువ వెంట పైకి నడిచింది. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు ఖాళీ గిన్నెతో నిలబడి ఆమెవంకే చూశారు. తిట్టినా బాగుండేది.

గట్టున రెల్లు లేదు. మొదళ్లతో సహా పీకేశారు. గుంట ఉండాల్సిన చోట నాలుగు కర్రలకు నీలం పట్టా వేలాడుతోంది. కొండ, తోలు వలిచినట్టు ఎర్రగా ఉంది.

యసుజి వంటగదిలో దీపం లేకుండా నిలబడి ఉన్నాడు.

"గుంటేదిరా?"

"తర్వాత తవ్వుతామన్నారక్కా."

"పెళ్లయ్యాక ముహూర్తం పెట్టినట్టా? ఎవడొప్పుకున్నాడు?"

అతను తల ఎత్తలేదు. "కాగితం మీద నేనే ముద్రేశాను. పైన కట్టే ఇళ్లలో ఓ వాటా ఇస్తామన్నారు."

"పోయిన నెల నా ఇంట్లో కూర్చుని తింటూ, గుంట తవ్వడం కళ్లారా చూశానన్నావు."

"నువ్వు నమ్ముతావని తెలుసక్కా."

చెంపదెబ్బయినా ఇంతకన్నా మెత్తగానే తగిలేది. నమ్మడం ఆమె చేసిన తప్పయినట్టు, దాన్నే అతను పనిముట్టు చేసుకున్నాడు.

"మా అందరి నోట మట్టి కొట్టావు కదరా" అంది, చాలా మెల్లగా.

అప్పుడు వినిపించింది... గోడ కింద, నీళ్లు లోపలికొచ్చే కంతలోంచి. ఓ ఆడమనిషి గొంతు. తీరిగ్గా, పొయ్యి మీద అన్నం పెట్టుకున్నదానిలా.

"పోస్తున్నామమ్మా..."

పైన ఇల్లు లేదు. ఎన్నడూ లేదు.

"పలక్కు" అని కినుయో తమ్ముడితో గొణిగింది.

మళ్లీ. ఈసారి దగ్గరగా. "పోస్తున్నాం..."

యాభై ఏళ్లుగా కిందింటి నుంచి వింటున్న బదులు. అబద్ధాలు నేర్చిన నోరే, పాపం, ఈ ఒక్క మాట దగ్గర పాత మర్యాద మరవలేదు. యసుజి పెదవులు వాటంతటవే కదిలాయి.

"పొయ్యండి."

కాలువ ఆగింది. వాన చప్పుడూ ఆగింది. కంతలోంచి ఒక చుక్క... ఇంకో చుక్క...

తర్వాత కొండ వచ్చింది.

కళ్లు తెరిచేసరికి కినుయో వీధిలో పడి ఉంది. వంటగది కప్పుదాకా బురద. పదిహేను రోజులు తవ్వారు. జల్లెడ పట్టారు. యసుజి దొరకలేదు. తప్పంతా వానదేనంది కంపెనీ.

చలికాలానికి కాలువ తేటపడింది. పట్నం నుంచి వచ్చినవాళ్లు సీసాల్లో పట్టుకెళ్లి పరీక్షించి, మునుపటికన్నా శుభ్రమన్నారు. మిగతా అయిదిళ్లవాళ్లూ తాగుతున్నారు. కినుయో తాగదు. టోఫు చేయడం మానేసింది.

పట్నంవాళ్ల కొలతలో ఆ నీళ్లు మంచులా చల్లన. బయట మోకాలిలోతు మంచు. ఆమె మాత్రం రోజూ పొద్దున తొట్టిలో వేలు ముంచి చూస్తుంది. గోరువెచ్చగా ఉంటాయి... అప్పుడే నిద్రలేచిన మనిషి ఒంటిలా.

నిన్నటికన్నా ఇవాళ ఇంకాస్త ఎక్కువ.