సరిపోలిక

"తీర పునర్వ్యవస్థీకరణలో భాగంగా మీ ఆవాసాన్ని జలవిడుదల మండలంలో చేర్చడానికి మీకు అంగీకారమేనా?"

త్రివేణి మొదటి పలుకు చదివి ఆగింది. గడపలో నిలబడ్డ నడివయసు మనిషి ఆమె ముఖంలోకి చూశాడు. ప్రశ్న అర్థం కాక కాదు, జవాబు ఆమె గొంతులో ఎక్కడైనా దొరుకుతుందేమోనని.

"అవును" అన్నాడు.

చేతిలోని పలక మీద పచ్చగీత వెలిగింది. అతను ఊపిరి వదిలి తలుపు వేసుకున్నాడు.

ఉప్పలవానిపేటలో అది పదకొండో ఇల్లు. పొద్దున్న తొమ్మిదిన్నరకే ఉప్పుమళ్ళ మీద ఎండ తెల్లగా మండుతోంది. మళ్ళకు అవతల గట్టు, గట్టుకు అవతల ఊరికంటే నిలువెత్తు పైన సముద్రం. గట్టు గేట్లు తెరిస్తే నీరు ఈ ఊరి మీదుగా పోయి, తీరం వెంట ఎగువనున్న నగరం మునగకుండా నిలుస్తుంది. తెరవాలా వద్దా అని సంప్రదింపుల మండలి మొన్న మంగళవారం నీడలను అడిగింది.

పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషికీ మండలి దగ్గర ఒక నీడ ఉంటుంది. మనిషి మాటలు, తిరిగిన చోట్లు, జబ్బులు, తగాదాలు అన్నీ కలిపి అల్లిన నీడ అది. ఆ మనిషి ఏమంటాడో అతనికంటే ముందే అంటుంది. పదకొండు లక్షల నీడలు రెండు సెకన్లలో జవాబిచ్చాయి. తొంభైమూడు శాతం అవునన్నాయి. అయితే పాత చట్టంలో ఒక నిబంధన ఎవరూ కొట్టేయకుండా మిగిలిపోయింది. ఊరికి ఇరవై మందినైనా మనుషుల్ని అడిగి, వాళ్ళ జవాబు నీడ జవాబుతో సరిపోలిందని ధ్రువీకరించాలి. త్రివేణి తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని అదే.

మొదటి పలుకుకు సరిపోలకపోతే రెండో పలుకు ఉంటుంది, అదే ప్రశ్నను కుటుంబ భద్రత పేరుతో మళ్ళీ అడిగేది. మూడో పలుకులో పిల్లల భవిష్యత్తు. మూడింటికీ సరిపోలకపోతే నీడ మాటే నిలుస్తుంది, మనిషిని 'అస్థిరం' అని నమోదు చేస్తారు. నలభై రోజుల స్థిరీకరణ తరగతులుంటాయి. త్రివేణికి మూడో పలుకు దాకా వెళ్ళే అవసరం చాలా అరుదు. ఆమె గొంతు మెత్తన. జిల్లాలో అందరికంటే మంచి సరిపోలిక శాతం ఆమెదే.

పన్నెండో ఇంటి ముందు గున్నమ్మ అనే అరవై ఏళ్ళ ఆవిడ గోనెసంచులు కుడుతోంది. చేతుల మీద ఉప్పు తిన్న పగుళ్ళు. త్రివేణి పలుకు చదవబోతే చేయి అడ్డం పెట్టింది.

"సదవక్కర్లేదు తల్లీ. నా నీడ ఏటన్నాదో సెప్పు. అదే అంతాను."

"అలా చెప్పకూడదండీ. మీరు అనుకున్నది చెప్పాలి."

"అనుకున్నది సెప్పే మా తోడికోడలు ఆ తరగతులకెల్లింది." గున్నమ్మ సూది ఆపకుండానే ఇంట్లోకి తల తిప్పింది. "సూరమ్మా, ఇలా రాయే."

లోపల్నుంచి ఒక సన్నటి మనిషి వచ్చి గోడ పక్కన నిలబడింది. జుట్టు నున్నగా దువ్వి ఉంది. నవ్వుతోంది.

"అన్నం తిన్నావేటే?" అని అడిగింది గున్నమ్మ.

"అవును."

"తిన్లేదు కదా?"

"అవును" అంది సూరమ్మ, అదే నవ్వుతో.

"ఈ ఊరు ములిగిపోతే మంచిదేనా?"

"అవును."

త్రివేణి చేతిలో పలక చిన్నగా మోగింది. సూరమ్మ గొంతును అదే గుర్తుపట్టి, ఎవరూ అడగకుండానే పచ్చగీత చూపించింది. *సరిపోలింది.* దాని కింద పాత నమోదు: *నాలుగేళ్ళ క్రితం. అస్థిరం. ధ్రువీకరణ: బి. త్రివేణి.*

ఆ రోజు గుర్తొచ్చింది. ఉప్పుమళ్ళ మోటార్లు ఆపేసే విషయం అది. మూడు పలుకులకూ ఒకే జవాబిచ్చిన మనిషి. మోకాళ్ళ దాకా బురదతో, నడుం మీద చేతులు పెట్టుకుని, "నువ్వు ముప్పైసార్లు అడిగినా కాదనే అంతాను, కూకో మంచినీళ్ళు తాగు" అన్న మనిషి. త్రివేణి ఆ నీళ్ళు తాగింది. తర్వాత నమోదు చేసి బండెక్కింది.

సూరమ్మ ఆమెను చూసి నవ్వుతూనే ఉంది. ఆ కళ్ళలో కోపం కోసం వెతికింది త్రివేణి. ఏమీ లేదు.

పలకను బోర్లించి అరుగు మీద పెట్టి, గున్నమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ఈసారి వేరే యాసలో అడిగింది. ఆఫీసు మాట కాదు, చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడిన మాట.

"పిన్నీ, నీకేటనిపిస్తన్నాదో సెప్పు. దాన్ని పక్కనెట్టేసినాను."

గున్నమ్మ సూది ఆగింది. వీధి వైపు చూసింది. "ఈ మళ్ళు ఇడిసి నానెక్కడికెల్తాను" అంది బాగా తగ్గించి. "కాదు. నాకిష్టం నేదు."

త్రివేణి పలక తీసింది. అందులో గున్నమ్మ నీడ అవునంది. కాదని నమోదు చేస్తే గున్నమ్మ తరగతులకు వెళ్తుంది. అవునని చేస్తే వెళ్ళదు. ఎలా చేసినా గేట్లు తెరుచుకుంటాయి. శిక్షణలో ఒక్కసారి చూపించి దాటేసిన మూడో గడి అడుగున ఉంది: *నీడ తప్పు.* అధికారి సొంత పూచీ మీద నొక్కాలి. జిల్లాలో ఎవరూ నొక్కినట్టు ఆమె వినలేదు. వేలిముద్ర వేసింది.

పలక తెల్లబడింది. రెండు నిమిషాల్లో పర్యవేక్షకుడు ఫణీంద్ర ఫోన్ చేశాడు.

"త్రివేణి గారూ, వేలు జారినట్టుంది. పది నిమిషాల్లో వెనక్కి తీసుకోవచ్చు."

"జారలేదండీ."

ఫణీంద్ర లెక్క చెప్పాడు. "ఒక నీడ తప్పని తేలితే నీడల్ని అల్లే యంత్రం ఒక్కటే, దాని మీద అల్లినవన్నీ నిలిచిపోతాయి. పదకొండు లక్షలు. గేట్ల ఆదేశం ఇప్పటికే ఆగింది. ఆసుపత్రులు, రేషన్లు, జైళ్ళు, అన్నీ వాటి మాట మీదే నడుస్తున్నాయి. మళ్ళీ మనుషుల్ని కూర్చోబెట్టి అడగాలంటే అడగడం వచ్చినవాళ్ళు మన దగ్గర ఎవరున్నారు?" అతని గొంతు తగ్గింది. "నాకు మీ మీద కోపం లేదు. దయచేసి వెనక్కి తీసుకోండి. మీ కోసం బండ్లు బయల్దేరాయి, నేను ఆపలేను."

"నేను తీసుకోను సార్" అని ఫోన్ పెట్టేసింది.

తల ఎత్తేసరికి పదకొండో ఇంటి మనిషి వీధిలో ఉన్నాడు. అతని వెనక ఇంకో నలుగురు. ఇక్కడి మాటలన్నీ విన్నట్టున్నారు.

"ఇందాక నాను అవునన్నాను గదమ్మా" అన్నాడు అతను. "అది నా మాట కాదు. మార్సుకోవచ్చేటి?"

గట్టు దారిన దూరంగా రెండు తెల్లబండ్లు ఉప్పుధూళి లేపుకుంటూ వస్తున్నాయి. ఊరు చేరడానికి పావుగంట పడుతుంది. త్రివేణి సంచిలోంచి కాగితం, పెన్ను తీసి, తెల్లబడ్డ పలకనే కాగితం అడుగున ఆనికగా పెట్టుకుంది.

"కూకో బాబూ" అంది. "పేరు కాణ్ణించి సెప్పు. నెమ్మదిగా సెప్పు."