పదకొండో నంబరు చెరపకండి

ఆడియో గైడ్‌లో పదకొండో నంబరు చెరిపేస్తామని నోటీసు అంటించిన రాజవిడిది నిర్వాహకుల్లారా, అసలు తప్పు మీది! గైడ్లం కూర్చునే బల్లకు సరిగ్గా ఎదురుగా ఆడియో గైడ్ కౌంటర్ పెట్టిందెవరు? కొరియాలోని మా జొంజు ఊరికి విదేశీయులొచ్చేది పాత పెంకుటిళ్లు చూడ్డానికా, మా జగడం వినడానికా?

కౌంటర్లో సుల్గి ఉంటుంది. తను అద్దెకిచ్చే ఆడియో గైడ్ డబ్బాలో, నంబరు నొక్కితే పలికే గొంతూ తనదే. పసుపు జెండా పట్టుకుని తిరిగే గైడ్‌ని నేను, దోగ్యోమ్.

మొదటిరోజే ఇండోనేషియా జంట ఒకటి మా మధ్య ఇరుక్కుంది.

"సార్, ఇది చెవిలో పెట్టుకోండి. నచ్చినచోట ఎంతసేపైనా ఆగొచ్చు. జెండా వెనక పరిగెత్తక్కర్లేదు," అంది సుల్గి.

"మేడమ్, ప్రశ్న అడిగితే డబ్బా జవాబు చెబుతుందా?" అన్నాను.

"అడక్కపోయినా చెప్పే మనిషికంటే డబ్బా నయం!"

ఆయన డబ్బా తీసుకున్నాడు. ఆవిడ నా వెంట వచ్చింది.

"మొగుడూ పెళ్లాల్ని విడదీశావు కదా!" అన్నాను తర్వాత.

"నేనా, మీరా?" అంది సుల్గి.

మూడు నెలలు ఇదే తంతు. డబ్బాలో తప్పులు పట్టుకుందామని ఒక వానరోజు నేనే అద్దెకు అడిగాను. డబ్బా కావాలంటే గుర్తింపు కార్డు కౌంటర్లో వదలాలి. కార్డు చూసి సుల్గి లేచి నిలబడింది.

"తొంభై ఏడులో పుట్టావా? నేను తొంభై అయిదు! ఇన్నాళ్లూ నన్ను నువ్వు నువ్వు అంటున్నావా? అక్కా అను!"

తలదించుకున్నాను. నేనే పెద్దనని ఎందుకనుకున్నానో నాకే తెలీదు.

"ఇకనుంచి మీరు అంటాను. అక్కా అని మాత్రం అనను."

"ఎందుకట?"

డబ్బా చెవికి తగిలించుకుని, గొడుగేసుకుని వానలోకి నడిచాను. పదో నంబరు దాకా ఒక్క తప్పూ పట్టలేదు. అసలు పట్టాలన్న సంగతే మర్చిపోయాను. వెనక గుమ్మం చూరు కింద గొడుగు మూసి పదకొండు నొక్కాను.

"ఇక్కడ నన్ను ఆపేయండి. ఈ గుమ్మం కథ పసుపు జెండా ఆయన నాకంటే బాగా చెబుతాడు. నేనూ పని ఆపి వింటుంటాను."

పోయిన నెల కొత్తగా రికార్డు చేసిందట. గొడుగు తెరవడం కూడా మర్చిపోయి పరిగెత్తాను.

"నా కార్డు ఇవ్వండి."

"అక్కా అంటేనే ఇస్తా."

"అక్కా అనేస్తే, రేపు మా అమ్మకు మిమ్మల్ని ఏమని చూపించను?"

సుల్గి చెవులు ఎర్రబడ్డాయి. కార్డు నా చేతిలో పెట్టింది. తన చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేదు.

డబ్బాలో గొంతు గైడ్‌ని పొగడకూడదని నోటీసులో రాస్తారా? ఎవరు పెట్టారా రూలు? ఆ గుమ్మం దగ్గర ఇప్పుడు జనం ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి తీసి, నవ్వుతూ నా చుట్టూ చేరుతున్నారు. అది మీ కంటికి ఆనదా?

పదకొండో నంబరు ముట్టుకోకండి. డబ్బాకొక టికెట్, మనిషి గైడ్‌కొక టికెట్ అని జనాన్ని చీల్చకండి, రెండూ ఒకే టికెట్‌లో ఇవ్వండి. మా బల్లను ఇవాళే కౌంటర్ పక్కకు జరపండి. ఒక కొస నేను పడతాను. రెండో కొస పడతానని సుల్గి మాటిచ్చింది.