పద్నాలుగో మైలు దగ్గర టార్చి పట్టిన చెయ్యి

పద్నాలుగో మైలు దగ్గర పొద్దుగూకాక ఎవరూ బండి ఆపరు.

ఆ దారిలో పందొమ్మిదేళ్లుగా టపా బండి నడుపుతున్నాను నేను. వారానికి రెండు ట్రిప్పులు. పగలైతే అక్కడే దిగి, టైర్లు చూసుకుని, ఫ్లాస్కులో టీ తాగి బయల్దేరతాను. చీకటి పడిందో... అద్దం ఎక్కించేసి, రేడియో గట్టిగా పెట్టుకుని, అటు చూడకుండా పోతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

ఎండిపోయిన ఉప్పు చెరువు ఒడ్డున ఒంటరి రాతి ఇల్లు అది. రేకుల కప్పు సగం గాలికి లేచిపోయింది. ముందు ఒక గేటు, గేటుకి లావుపాటి ఇనుప స్తంభం. మూడేళ్ల కిందట డారిల్ ఫెచ్నర్ తన నాలుగు చక్రాల క్వాడ్ బైకు మీద వచ్చి ఆ స్తంభాన్నే గుద్దుకుని చనిపోయాడు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో వెలుగు కనిపిస్తుంది. ఒకరిద్దరు కాదు, నలుగురు చూశారు. చిన్న వెలుగు... గోడల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. ఎవరైనా బండి నెమ్మది చేస్తే ఆరిపోతుంది. తన బండికి ఏమైందో డారిల్ ఇంకా వెతుక్కుంటున్నాడని మా వాళ్ల నమ్మకం.

నీల్ ట్రెంబాత్‌కి ఈ సంగతి నేనే చెప్పాను. విని నవ్వాడు.

నీల్ ఇక్కడివాడు కాదు. మట్టి రోడ్లు చదును చేసే గ్రేడర్ నడపడానికి వచ్చాడు. దారిలో పెట్రోలూ భోజనమూ దొరికే రోడ్‌హౌస్ వెనకాల, చక్రాల మీదుండే ఒక క్యారవాన్‌లో ఒక్కడే ఉండేవాడు. విడాకులయ్యాక భార్యా కూతురూ తీరం వైపు వెళ్లిపోయారు. కూతురు ఆదివారం ఫోను చేస్తానంటుంది, ఒక్కోసారి మర్చిపోతుంది. ఆ ఆదివారాలు నీల్ తన క్వాడ్ బైకుని నట్టూ బోల్టూ విప్పి మళ్లీ బిగించేవాడు.

గొర్రెల వెనక తిప్పుకునే రకం కాదది. పందేల రకం. తేలిగ్గా, కోపంగా ఉంటుంది. ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్ పెద్దది వెయ్యాలని రెండు నెలలపాటు నా ప్రాణం తీశాడు. "పాతదాని గొంతు సన్నం అన్నా. ఇంజనుకి ఊపిరి చాలట్లేదు. కొత్తది పడనీ, అప్పుడు చూద్దువుగాని" అనేవాడు. ఆ పార్సెలు తెచ్చి చేతికిచ్చింది కూడా నేనే. పెట్టెని చంటిపిల్లని అందుకున్నట్టు అందుకున్నాడు.

రెండు సాయంత్రాలు కూర్చుని బిగించాడట. పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి జెట్లు మార్చాడు, సూది ఒక మెట్టు దించాడు. శనివారం ఉప్పు చెరువు మీద నడిపి చూస్తాను, రా అన్నా అని పిలిచాడు. పనుందన్నాను. నిజానికి ఏ పనీ లేదు.

ఆ శనివారం ఎండ నలభై మూడు డిగ్రీలు. అంత వేడిలో కార్బురేటర్ సర్దితే లెక్క తప్పుతుందని నీల్ పొద్దు వాలేదాకా ఆగాడు. తర్వాత ఉప్పు చెరువు మీద వదిలాడు బండిని. అడ్డేం లేదు, తిన్నగా పదకొండు కిలోమీటర్లు. కింద నేలని ఎవరో లాగేస్తున్నట్టు పోయిందట. ఒక్కడే గట్టిగా నవ్వుకున్నానని చెప్పాడు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో తనకే గుర్తులేదట.

ఒడ్డెక్కాడు. చీకటి పడుతోంది. రాతి ఇల్లు దాటబోతుండగా ఇంజను ఒక్కసారి గుక్క తిప్పుకోలేక దగ్గింది... మళ్లీ దగ్గింది... ఆగిపోయింది.

సరిగ్గా గేటుకి ఎదురుగా.

స్విచ్చి నొక్కాడు. లేవలేదు. పెట్రోలు వాసన గుప్పుమంది. కార్బురేటర్ కిందున్న సన్న గొట్టం లోంచి పెట్రోలు ఇసుకలోకి కారిపోతోంది. లోపల ఏదో నలక అడ్డం పడి, నిండగానే పెట్రోలు ఆపాల్సిన తేలుడు బిళ్ల ఇరుక్కుందని అర్థమైంది. ఇరవై నిమిషాల పని, అంతే.

గాలి లేదు. పురుగు కూడా కూయడం లేదు. చల్లబడుతున్న ఇంజను మాత్రం టిక్... టిక్... అంటోంది.

హెల్మెట్ తియ్యలేదు నీల్. ఎందుకు తియ్యలేదని అడిగితే, పరుగెత్తాల్సొస్తే మోసుకెళ్లే వస్తువు ఒకటి తగ్గుతుందని అన్నాడు. టార్చి సీటు మీద ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని, గాలి గొట్టం పీకాడు. కార్బురేటర్ అడుగునుండే పెట్రోలు గిన్నె మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఇంటివైపు వీపు పెట్టాడు. చూస్తే వెలుగు కనిపిస్తుందేమోనని భయం.

రెండో మర విప్పుతుంటే టార్చి జారింది. ఇసుకలో పడి, అతని వెనక్కి దొర్లి, వేరే దిక్కుకి చూస్తోంది. మర వదలకుండా రెండో చేత్తో తడిమాడు. అందలేదు. ఇంకాస్త వంగాడు...

టార్చి పైకి లేచింది.

నెమ్మదిగా లేచి, అతని భుజం మీదుగా వచ్చి, వెలుగు తిన్నగా కార్బురేటర్ మీద నిలిచింది.

నీల్ తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. కింద, వెలుగు అంచున, ఒక జత బూట్లు కనబడ్డాయి. మగవాళ్ల బూట్లు. పాతవి. దుమ్ము పట్టి తెల్లబడ్డాయి. వెనకాల ఊపిరి వినబడుతోంది... ఎవరిదో... ఆగి ఆగి.

ఏం చేస్తాడు? పని చేశాడు. నాలుగు మరలూ విప్పాడు. గిన్నె చేతిలోకి వచ్చింది. అడుగున రబ్బరు తునక ఒకటి, గోరంత కూడా లేదు. తీసేశాడు. ఒక మర రెండుసార్లు జారింది. జారిన ప్రతిసారీ వెలుగు దాని వెంటే వెళ్లి, అది ఎక్కడ పడిందో చూపించింది. చేతికి ఏది కావాలో ముందే తెలిసినట్టు వెలుగు జరుగుతోంది. భయంలోనే ఇంకో సంగతి కూడా తోచిందట నీల్‌కి... తన పక్కన ఒకళ్లు నిలబడి వెలుగు పట్టి ఎన్నేళ్లయిందో అని. ఆ మాట నాకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

గిన్నె బిగించాడు. గాలి గొట్టం తర్వాత చూసుకోవచ్చు, ముందు లేస్తుందో లేదో చూద్దామని స్విచ్చి మీద వేలు పెట్టబోయాడు.

"ఆగు."

గుసగుస. చెవి పక్కనే.

"హ్యాండిల్... ఎడమకి తిప్పు. పూర్తిగా."

చెయ్యి దానంతటదే కదిలింది. హ్యాండిల్ ఎడమకి తిరిగింది. టార్చి వెలుగు తెరిచున్న కార్బురేటర్ నోట్లోకి వెళ్లింది. లోపల గాలిని ఆపే చిన్న తలుపు... నీల్ యాక్సిలరేటర్ ముట్టుకోలేదు... ఆ తలుపు నెమ్మదిగా దానంతటదే పైకి లేచింది. పూర్తిగా తెరుచుకుంది.

ఇప్పుడు నీల్‌కి పట్టుకున్నది దెయ్యం భయం కాదు.

కొత్త కార్బురేటర్ పాతదానికంటే ఎత్తు. యాక్సిలరేటర్ కేబుల్ పెట్రోలు ట్యాంకు కింద ఇరుక్కుపోయింది. వచ్చిన దారంతా తిన్నగా ఉంది కాబట్టి తెలియలేదు. గేటు దగ్గరే దారి ఎడమకి గట్టిగా తిరుగుతుంది. తిప్పిన క్షణాన కేబుల్ బిగుసుకుని, బండి మొత్తం బలంతో అరుచుకుంటూ ఎగిరిపోయేది. ఎదురుగా స్తంభం.

ట్యాంకు వదులు చేసి కేబుల్ని బయటికి లాగాడు. కొత్త దారిలో వేశాడు. ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు. తలుపు కదల్లేదు. మళ్లీ ఎడమకి తిప్పాడు. కదల్లేదు.

వెనకాల ఊపిరి ఒక్కసారి పెద్దగా వదిలిన చప్పుడు.

అప్పుడు లేచాడు నీల్. హెల్మెట్ తీశాడు. వెనక్కి తిరిగాడు.

టార్చి వెలుగు అతని మొహం మీదకి వచ్చింది. కళ్లు చెదిరి ఏమీ కనబడలేదు. వెలుగు అలాగే ఉండిపోయింది, చాలాసేపు. తర్వాత మెల్లగా కిందకి వాలిపోయింది.

"నువ్వు కాదా..." అంది ఆవిడ.

బెవ్ ఫెచ్నర్. డారిల్‌కి అక్క. అరవైకి దగ్గర పడిన మనిషి, తమ్ముడి కోటు, తమ్ముడి బూట్లు. అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక్కర్తే ఉంటుంది. ప్రతి మంగళవారం ఆవిడ ఉత్తరాలు ఇచ్చేది నేనే. వాన పడేట్టు లేదు అంటుంది, అవునంటాను. మూడేళ్లలో అంతకుమించి మాట్లాడుకోలేదు మేము.

మనుషులు చూసే ఆ వెలుగు ఆవిడదే. పొద్దుగూకాక ఏదో ఒక రోజు వచ్చి, ఆ గోడల మధ్య కూర్చుంటుంది. ఎవరైనా ఆగితే దీపం ఆర్పేస్తుంది. మొదట్లో తమ్ముడు పోయిన చోటని వచ్చేది; తర్వాత డారిల్ తిరుగుతున్నాడని ఊళ్లో అందరూ అంటుంటే విని, నిజమేమోనని వస్తోంది. అవాళ ఇంజను దగ్గి ఆగడం, హెల్మెట్ పెట్టుకున్న మనిషి మోకాళ్ల మీద కూర్చుని కార్బురేటర్ విప్పడం చూసింది. మొహం చూడాలంటే భయమేసిందట ఆవిడకి కూడా. అందుకే వెనకే నిలబడింది.

నీల్ ఆవిడని కేబుల్ సంగతి ఎలా తెలుసని అడిగాడు.

"తర్వాత పోలీసులు చెప్పారు. వాడూ కొత్త కార్బురేటరే వేసుకున్నాడు. చీకటి పడుతుంటే బిగించాడు. అక్కా, కాస్త టార్చి పట్టుకో అని పిలిచాడు. ఇస్త్రీ చేసుకుంటున్నాను, నువ్వే చూసుకో అన్నాను."

ఇంటిదాకా దిగబెడతాను, ఎక్కండి అన్నాడు నీల్. కారు ఇంటి వెనకుందని, ఇంకాసేపు కూర్చుంటానని చెప్పి టార్చి అతని చేతిలో పెట్టింది. అతను గాలి గొట్టం బిగించి స్విచ్చి నొక్కాడు. ఇంజను మొదటిసారికే అందుకుంది.

అప్పుడు ఆవిడ దగ్గరికొచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"మధ్యలో ఆగకు బాబూ. రోడ్‌హౌస్ దాకా పోనియ్యి. నేను ఇక్కడ నిలబడి చప్పుడు వింటాను. దూరంగా... బాగా దూరంగా పోయేదాకా వింటాను. ఆ రోజు వాడి బండి చప్పుడు ఇక్కడిదాకా వినబడి ఆగిపోయింది."

నీల్ గేటు దగ్గర ఎడమకి తిప్పాడు. దారంతా ఒక్కసారి కూడా ఆపలేదు.