యమున ఓటు

పోలింగ్ రోజు పొద్దున్నే సారంగపాణి తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కొత్తవాడలో దర్రీలు, జంపఖానాలు నేసే మనిషి. మగ్గం ఆపేది పండగలకీ ఓట్లకీ మాత్రమే. పుట్టుకతో చూపులేని కూతురు యమునను బూత్‌కు తీసుకెళ్లి, ఆమె చెప్పిన గుర్తు మీద తాను నొక్కి రావడం ఆయనకెంతో గొప్ప. రెండు ఎన్నికల నుంచీ అదే వరస.

“బాపూ, ఈసారి నేనొక్కదాన్నే నొక్కుకుంట,” అంది యమున చాయ్ గ్లాసు కింద పెడుతూ. “మిషన్ మీద బ్రెయిలీ అంకెలుంటయి.”

“ఎందుకే? నేను సచ్చిననుకున్నవా?”

“గట్ల కాదు. నా పీహెచ్‌డీ గదే కదా, చూపులేనోళ్ల ఓటు ఎవలి చేతుల ఉంటదని. అందరికంటె నేనే నసీబున్నదాన్నని రాసిన. మా బాపు నేను చెప్పిందే నొక్కిండని రాసిన.”

కూతురు చదివే పొలిటికల్ సైన్స్ అంటే టీవీలో అరుచుకునేవాళ్లే అనుకునేవాడు సారంగపాణి. అందులోకి తన పేరు ఎక్కుతుందని కలగన్నాడా! ముఖం పాలిపోయింది. తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాడు.

“అది కొట్టెయ్యి బిడ్డా.”

“ఏంది?”

“నువ్వు చెప్పింది నొక్కలే. రెండుసార్లూ మన నేత సంఘపోళ్లు చెప్పిందే నొక్కిన. వాళ్లకు మాటిచ్చిన. నీకేం తెలుస్తదిలే అనుకున్న.”

వంటింట్లోంచి భార్య కట్టమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. “థూ! కన్నబిడ్డనే మోసం చేసినవా?”

యమున లేచి నిలబడింది. 

“రెండు ఓట్లు బాపూ. ఇగ తిరిగి రావు,” అంది. “నాకేం తెల్వదని మంది అనుకుంటె ఫికర్ లేదు. నువ్వనుకున్నవు.”

కర్ర అందుకుని వెళ్లిపోయింది. ఆయన పది అడుగులు ఎడంగా, తలొంచుకుని నడిచాడు. ఎన్నో దర్రీలు నేసిన చేతులు ఆ పూట ఆయనకే పరాయిగా తోచాయి.

బూత్‌లో అధికారి యమునను దాటి ఆయన వైపే చూశాడు. “ఈ అమ్మాయి ఓటు ఎవరు వేస్తారు?”

రెండుసార్లు ఈ ప్రశ్నకు ఛాతీ విరుచుకుని “నేనే సార్” అన్నవాడు.

“నన్నడుగుతరేంది సార్? ఓటు ఆమెది. ఆమెనడుగుండ్రి,” అన్నాడు ఈసారి.

యమున తండ్రి గొంతు వినిపించిన వైపు తిరిగింది. “జర బయట ఆగు బాపూ. ఇద్దరం కలిసే ఇంటికి పోదాం.”

ఆయన గుమ్మం అవతల గోడకానుకుని నిలబడ్డాడు. లోపల మిషన్ బీప్‌మని మోగింది. బిడ్డ ఎవరికి వేసిందో ఆయనకు తెలియదు. క్యూలో జనమంతా చూస్తుండగానే సారంగపాణి మోచేతి మడతలో ముఖం దాచుకుని ఏడ్చేశాడు.