గుప్పిట్లో వాల్వు మూత

“నువ్వు తియ్యలేదని సూపించు!”

మీనాకుమారి అరుపుకి రైల్వే క్వార్టర్ల వెనక సందంతా మారుమోగింది. ఎదురుగా జెఫ్రీ బిక్కచచ్చి నిలబడ్డాడు. గోడకి ఆనించిన నూకయ్య మామ సైకిలు వెనక చక్రంలో బొత్తిగా గాలి లేదు. అన్నానికి ఇంటికొచ్చిన మామ మళ్ళీ వర్క్‌షాపుకి వెళ్ళాలి. సైరన్ మోగే వేళయింది.

“నాను తియ్యలేదే. ఎలాగ సూపించేది?” అన్నాడు జెఫ్రీ.

“హోలీనాడు తవిటయ్య తాత సైకిలుకి గాలి తీసినావు కదా! ఇదీ నువ్వే. ఈరోజు మ్యాచ్‌లో నువ్వు లేవు, పో!”

వాడి చేతుల్లోంచి గోల్‌కీపర్ గ్లవ్స్ లాగేసుకుంది. సాయంత్రం ఇందా పేట పిల్లలతో ఫుట్‌బాల్. ఆ మ్యాచ్ కోసం జెఫ్రీ ఆ గ్లవ్స్ పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మన కెప్టెన్‌గారికి అవేం పట్టలేదు. పెద్ద పోలీసులా సైకిలు చుట్టూ వెతికింది. మట్టిలో నల్లటి వాల్వు మూత దొరికితే గుప్పిట్లో పెట్టుకుంది. సాక్ష్యం!

అప్పుడే పక్కింటి సుజాతమ్మ పిన్ని బకెట్‌తో బయటికొచ్చింది.

“ఏటే మీనా, సేతిలో ఏటది?”

మీనాకుమారి గర్వంగా గుప్పిట విప్పింది.

“అమ్మమ్మో! మూత నీకాడే ఉంది. గాలి తీసింది నువ్వేనేటే!”

మీనాకుమారి గబుక్కున గుప్పిట మూసేసింది. “నాను కాదు పిన్నీ! కింద దొరికింది!”

“అయితే నువ్వు కాదని సూపించు.”

అవే మాటలు! చెయ్యని పనిని చెయ్యలేదని ఎలా చూపిస్తారు? చెయ్యి కడుక్కుని బయటికొచ్చిన నూకయ్య మామ కూడా తనవైపే చూస్తున్నాడు.

“మీనా తీస్తుంటే సూసినావా పిన్నీ?”

అడిగింది జెఫ్రీ!

“సూల్లేదు గానీ...”

“మరి తనే అని ఎలాగంటావు?”

పిన్ని బకెట్ ఎత్తుకుని పక్కకి తిరిగింది. మీనాకుమారికైతే చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తనూ చూడలేదు కదా!

“గొడవ ఆపండర్రా, పంపు తెండి!” అన్నాడు మామ.

మీనాకుమారే పరుగెత్తి తెచ్చింది. జెఫ్రీ గొట్టం పట్టుకుంటే తను గాలి కొట్టి, ఆ మూత బిగించింది. మామ సైకిలెక్కి దూసుకుపోయాడు.

“ఇంతకీ తీసినోడు జెఫ్రీయేనా?” అన్నాడు అప్పుడే బంతితో వచ్చిన బుజ్జిబాబు.

“ఎవులో తెల్దు. ఎవులూ సూల్లేదు. నాను ఊరికే వాడి మీద పడిపోనాను.”

అందరి ముందూ గ్లవ్స్ ఇవ్వబోయింది. జెఫ్రీ చెయ్యి చాపలేదు. అప్పుడు మీనాకుమారే వాడి చేతులు పట్టుకుని, ఒక్కొక్కటీ తొడిగింది.